రెండోసారి రానక్కరలేని కళ్ళజోడు

(విజయవాడలో భౌతికశాస్త్ర విద్యార్థుల, అధ్యాపకుల సభలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ బల్లమీద ఉన్న చెక్కపెట్టెలో ఇరవై అయిదు గళ్ళు ఉన్నాయి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క నంబరు అద్దాలు, అంచులు ముందే అరగదీసి, జతలు జతలుగా సర్ది ఉన్నాయి. దాని పక్కన ఉన్నది కళ్ళజోడు ఫ్రేము కోసం తీగ వంచే పనిముట్టు. దీన్ని ఇక్కడి ఆటోనగర్‌లో ఒక లేతు మేస్త్రి చేత చేయించాము. ఈ రెండింటి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వీటిలో మేము సొంతంగా కనిపెట్టినది బహు తక్కువ అని మొదటే ఒప్పుకుంటున్నాను. పరాయి దేశాల వాళ్ళు చేసిన ఆలోచనలను తెచ్చి, మంగళగిరి మగ్గాల దగ్గరా గుంటూరు మిరపకాయల దగ్గరా పెట్టి చూశాము. అక్కడ అవి ఎక్కడెక్కడ పనికివచ్చాయో, ఎక్కడెక్కడ విరిగిపోయాయో చెప్పడమే ఈ పూట నా పని.

కళ్ళజోడు చాలా పాత వస్తువు. 1306లో ఫ్లారెన్సు నగరంలో జోర్డానో అనే క్రైస్తవ సన్న్యాసి ఒక ఉపన్యాసంలో, బాగా చూడడానికి తోడ్పడే ఈ అద్దాల విద్య పుట్టి ఇంకా ఇరవై ఏళ్ళు కాలేదని చెప్పాడు. ఆ మాట అని ఏడు వందల ఏళ్ళు దాటింది. ఆ తరువాత పుట్టిన అచ్చుయంత్రం, చేతిగడియారం, రేడియో, చివరకు సెల్‌ఫోను కూడా పల్లెటూరి పేదవాడి ఇంటికి చేరాయి. వాటన్నిటికంటె ముందు పుట్టినదీ, వాటన్నిటికంటె సులువైనదీ అయిన కళ్ళజోడు మాత్రం ఇంకా దారిలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన దృష్టి నివేదిక ప్రకారం ప్రపంచంలో కనీసం 220 కోట్ల మందికి ఏదో ఒక చూపు లోపం ఉండగా, అందులో కనీసం 100 కోట్ల మందికి ఉన్నది నివారించదగినదో, ఇంకా సరిచేయనిదో అయిన లోపమే. ఆ వంద కోట్లలో 82 కోట్లకు పైగా మనుషులకు కావలసింది ఆపరేషనూ కాదు, మందూ కాదు. దగ్గరి వస్తువు కనబడడానికి ఒక మామూలు కుంభాకార కటకం, అంటే నడుమ ఉబ్బెత్తుగా ఉండే అద్దం చాలు.

ఆ లోపానికి మన భాషలో చక్కటి మాట ఉంది. మన పెద్దలు దాన్ని ‘చత్వారం’ అంటున్నారు. నలభై అనే సంస్కృతపు అంకె ఆ మాటలోనే దాగి ఉంది. నలభై దాటితే వచ్చేది కనుక చత్వారం. పదేళ్ళ పిల్లవాడు ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉన్న చీమను కూడా స్పష్టంగా చూడగలడు. కంటిలోని కటకం ఏటేటా బిరుసెక్కి, తన వంపును మార్చుకునే శక్తిని పోగొట్టుకుంటూ వచ్చి, అరవయ్యో ఏటికి ఆ స్పష్టత దాదాపు ఒక మీటరు దూరానికి జరిగిపోతుంది. ఇది రోగం కాదు, అందరికీ వచ్చేదే. మనవంటి వాళ్ళం పత్రికను చేయి చాచి పట్టుకుని కొన్నాళ్ళు నెట్టుకొచ్చి, తరువాత బీసెంట్ రోడ్డుకో గవర్నరుపేటకో వెళ్ళి అద్దాలు కొనుక్కుంటాం. సూదిలో దారం ఎక్కించలేని దర్జీకి, బియ్యంలో రాయి కనబడని ఇల్లాలికి, తెగిన పోగు దొరకని నేతగాడికి చేయి చాచే వీలు లేదు. పని ఉన్న దూరంలోనే కన్ను కూడా పనిచేయాలి. చదువు రానివాళ్ళకు దగ్గరి అద్దాలు ఎందుకని ఒకప్పుడు మా కళాశాలలోనే ఒక పెద్దమనిషి అడిగారు. వారిని తప్పుపట్టలేను, ఎందుకంటే ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఏటా కటక సూత్రం పాఠం చెబుతూ, నేనూ ఆ ప్రశ్న వేసుకోకుండానే గడిపాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కళ్ళజోడు ఖరీదైనది కాబట్టి పేదవాడు కొనలేకపోతున్నాడని మనం అనుకుంటాం. ఆ మాట సగమే నిజం. ప్లాస్టిక్ కటకాన్ని లక్షల సంఖ్యలో పోతపోసే కార్ఖానాలో ఒక అద్దం మీద పడే ఖర్చు చాలా కొద్ది. మంగళగిరిలో గుంత మగ్గం మీద నేసే ఒక పెద్దాయన తన లెక్క చెప్పినప్పుడు నాకు మిగిలిన సగం తెలిసింది. ఆయన చూపు తగ్గిందని కొడుకు బలవంతం చేస్తే ఒకరోజు మగ్గం ఆపి బస్సెక్కి పట్నానికి వచ్చాడు. కంటి పరీక్ష చేసిన చోట సాయంత్రమయింది. అద్దాలు తయారు కావడానికి నాలుగు రోజులు పడుతుందని, మళ్ళీ రమ్మని చెప్పారు. నాలుగు రోజుల తరువాత ఆయన వెళ్ళలేదు, ఎందుకంటే ఆ వారం షావుకారుకు చీర దించవలసి ఉంది. పై వారం వర్షం పట్టింది, ఆ పై వారం ఇంట్లో పెళ్ళి. కట్టిన బయానా డబ్బు అక్కడే ఉండిపోయింది, అద్దాలూ అక్కడే ఉండిపోయాయి. “మాష్టారూ, కళ్ళజోడు ఖరీదు కాదండీ, దాని కోసం రెండుసార్లు తిరగటం ఖరీదు. వెళ్ళిన ప్రతిసారీ కూలి పోయిద్ది” అన్నాడు.

ఆ రెండోసారి రావడం అనేది నా మనసులో ముల్లులాగా నిలిచిపోయింది. అప్పటినుంచి కంటి అద్దాలకు సంబంధించిన ఏ కొత్త ఆలోచన గురించి విన్నా, ఇది రెండో ప్రయాణాన్ని తప్పిస్తుందా, తప్పించదా అని అడగడం నాకు అలవాటయింది. ధర తరువాతి సంగతి.

రెండోసారి ఎందుకు రావలసి వస్తుందో చూద్దాం. ఇక్కడ గణితం తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. డాక్టరు రాసే చీటీలో ఒక్కొక్క కంటికి మూడు అంకెలు ఉంటాయి. మొదటిది గోళాకారపు నంబరు (అద్దం అన్ని దిక్కులా ఒకేలా ఇవ్వవలసిన శక్తి), రెండోది సిలిండరు (ఒక దిక్కున మాత్రమే అదనంగా కావలసిన శక్తి), మూడోది ఆ సిలిండరు ఏ కోణంలో కూర్చోవాలో చెప్పే యాక్సిస్. మైనస్ ఆరు నుంచి ప్లస్ ఆరు దాకా పావు డయాప్టరు (అద్దం శక్తికి కొలత) చొప్పున లెక్కపెడితే గోళాకారపు నంబర్లు 49 అవుతాయి. సిలిండరు రెండు డయాప్టర్ల దాకా పావు చొప్పున ఎనిమిది, కోణం అయిదేసి డిగ్రీల చొప్పున 36. సిలిండరు లేనిదాన్ని కూడా కలుపుకుంటే ఒక్క కంటికే 49ని 289తో హెచ్చించాలి, అంటే 14,161 రకాలు. దీనికి రెండో కన్ను, కనుపాపల మధ్య దూరం, ఫ్రేము ఆకారం కలిపితే ఏ దుకాణమూ అన్ని రకాలనూ సిద్ధంగా పెట్టుకోలేదు. కాబట్టి చీటీ ఒకచోటికి వెళ్తుంది, అద్దం అక్కడ తయారవుతుంది, ఫ్రేముకు సరిపడా అరగదీస్తారు, తిరిగి వస్తుంది. మనిషి కూడా తిరిగి రావాలి.

ఇందులో ఎంత ఖచ్చితత్వాన్ని వదులుకుంటే ఎంత పెట్టె చాలుతుంది? మైనస్ ఆరు నుంచి ప్లస్ ఆరు దాకా అర డయాప్టరు చొప్పున, సిలిండరు లేకుండా లెక్కపెడితే 25 వస్తాయి. ఈ పెట్టెలో 25 గళ్ళు ఉండడానికి కారణం అదే. అర డయాప్టరు మెట్లలో గరిష్ఠంగా వచ్చే తప్పు పావు డయాప్టరు. ఆ మాత్రం తేడా చాలామంది కళ్ళకు తెలియనే తెలియదు. సిలిండరు స్వల్పంగా ఉన్నవాళ్ళకు దానిలో సగాన్ని గోళాకారపు నంబరుకు కలిపితే పని జరిగిపోతుంది. సిలిండరు ఎక్కువగా ఉన్నవాళ్ళు ఈ పెట్టెకు బయటే ఉండిపోతారు, వాళ్ళకు పాత దారే గతి. నడిమధ్య గడిలో ఉన్నది సున్నా నంబరు అద్దం. ఏ శక్తీ లేని అద్దం ఎందుకని ఒక పిల్లవాడు అడిగాడు. ఒక కన్ను బాగుండి రెండో కంటికే అద్దం కావలసినవాళ్ళు ఉంటారు, ఒకవైపు ఖాళీ ఫ్రేముతో వీధిలో తిరగలేరు కదా.

ఈ 14,161 రకాల చిక్కును ఇంకొక దారిన విప్పాలని చూసినవాడు జాషువా సిల్వర్. ఆక్స్‌ఫర్డులో భౌతికశాస్త్రం బోధించినవాడు. 1985లో ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. అన్ని నంబర్ల అద్దాలు తయారుచేసి మనిషికి తగినది వెతికే బదులు, ఒకే అద్దం అన్ని నంబర్లుగా మారితే? రెండు పలుచటి పొరల మధ్య సిలికాన్ నూనె నింపి, ఫ్రేముకు రెండువైపులా చిన్న సిరంజీలు అమర్చాడు. సిరంజి చక్రాన్ని తిప్పితే నూనె లోపలికి పోయి పొర ఉబ్బుతుంది, కటకం కుంభాకారమవుతుంది. వెనక్కి తిప్పితే పొర లోపలికి పీల్చుకుపోయి పుటాకారమవుతుంది. పెట్టుకున్న మనిషి గోడమీది అక్షరాలు స్పష్టంగా కనబడేదాకా తానే తిప్పుకుని, ఆ తరువాత మూత బిగించి సిరంజీలు తీసేస్తాడు. మైనస్ ఆరు నుంచి ప్లస్ ఆరు దాకా ఒకే జోడు. రెండో ప్రయాణం సరే, పరీక్ష చేసే మనిషి కూడా అక్కరలేదు. ఘనా దేశంలో ముప్పై అయిదేళ్ళకే సూది కనబడక కుట్టుపని మానేసిన ఒక దర్జీ వీటిని పెట్టుకుని మళ్ళీ మిషను ఎక్కాడని సిల్వర్ చెబుతూ ఉండేవాడు. చైనాలో బడిపిల్లల చేత ఇలా స్వయంగా నంబరు సరిచేయించి చూస్తే నూటికి తొంభై మందికి పైగా పిల్లలు సరిగానే చేసుకోగలిగారని 2011లో పరిశోధన వెలువడింది. 2020 నాటికి వంద కోట్ల మందికి ఇవి అందాలని ఆయన ఆశించాడు. 2008 నాటికి పంపిణీ అయినవి ముప్పై వేలు. జోడు ఒక్కింటికి పంతొమ్మిది డాలర్ల దాకా అయ్యేది. దానికి తోడు ఆ నూనె కటకాలు గుండ్రంగా, లావుపాటి నల్ల ఫ్రేములో, ప్రయోగశాలలో పెట్టుకునే పరికరంలాగా ఉండేవి.

ఒక అధ్యాపకుడిగా నాకు ఆ పరికరమంటే ఇప్పటికీ గౌరవమే. తరగతిలో కటకం శక్తిని దానికంటె అందంగా చూపించే సాధనం లేదు.   

మా పని మొదలైంది జర్మనీలోని ఒక బడిపంతులు ఆలోచన చూసి. ఎర్లాంగెన్ ఊళ్ళో గణితం, భౌతికశాస్త్రం చెప్పిన మార్టిన్ ఆఫ్‌మూత్, స్ప్రింగు ఉక్కు తీగను చేత్తో వంచి ఫ్రేము చేసే ఒక చిన్న యంత్రాన్ని తయారుచేశాడు. దానికి కరెంటు అక్కరలేదు, ఒక చెక్కపెట్టెలో ఇమిడిపోతుంది. ముందే అంచులు అరగదీసిన, పాలీకార్బనేటు అనే గట్టి ప్లాస్టిక్ కటకాలను ఆ తీగ చట్రంలోకి వేళ్ళతో నొక్కితే చాలు, టక్కున కూర్చుంటాయి. ముడిసరుకు ఖర్చు ఒక డాలరు ప్రాంతం. 2012లో ఆయన స్థాపించిన సంస్థ ఆఫ్రికాలోనూ మన దేశంలోనూ పనిచేస్తోంది. నేను నా కొలబద్ద తీసి చూశాను. పరీక్ష, తయారీ, బిగింపు అన్నీ ఒకే అరుగుమీద ఒకే గంటలో జరుగుతాయి. రెండో ప్రయాణం లేదు.

ఇంత సులువైనది మనమే చేసుకుందామని విద్యార్థులతో కలిసి పూనుకున్నాను. పనిలోకి దిగాక తెలిసింది సులువు ఎంతో. మొదట సైకిలు పుల్లలు తీసుకున్నాము. అవి బిరుసు, రెండు వంపులకే పట్టు తప్పాయి. గాల్వనైజ్డ్ తీగ చక్కగా వంగింది కానీ, అంతే చక్కగా నేతగాడి బుజ్జి మనవడి చేతిలో మళ్ళీ వంగిపోయింది. రాగి తీగ అందంగా ఉంటుందని ఒక అమ్మాయి పట్టుబట్టి చేసింది, వారం రోజుల చెమటకు చెంపలమీద ఆకుపచ్చ గీతలు పడ్డాయి. స్ప్రింగు తీగ దగ్గరకు వచ్చాక ఇంకొక పేచీ. దాన్ని తొంభై డిగ్రీలు వంచి వదిలితే కొంత వెనక్కి తన్నుతుంది. కాబట్టి కావలసిన వంపుకంటె ఎక్కువ వంచాలి. ఎంత ఎక్కువ అనేది తీగచుట్ట మారినప్పుడల్లా మారుతుంది. ఈ పనిముట్టులో మీకు కనబడే మేకు కన్నాలు మూడు వరసలు ఉండడానికి కారణం అదే. ఈ ఉపాయం చెప్పింది ఇంజనీరు కాదు, ఆ లేతు మేస్త్రి. ఆయన లారీ స్ప్రింగు పట్టీలు చూసి బతికినవాడు. చర్మానికి తీగ నేరుగా తగలకుండా ముక్కు దగ్గరా చెవి దగ్గరా వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం తొడిగాము. నికెల్ పడని ఒంటికి తీగ తగిలితే దద్దు లేస్తుంది, ఆ పాఠం కూడా అనుభవం మీదనే నేర్చుకున్నాము.

ఇక గుంటూరు సంగతి. మిర్చి యార్డు చుట్టూ, శీతల గిడ్డంగుల దగ్గర, ముచ్చికలు తీసే ఆడవాళ్ళు, తాలు కాయలు ఏరే ఆడవాళ్ళు వందలమంది కనిపిస్తారు. తాలు కాయంటే రంగు వెలిసి తెల్లబారిన కాయ. ఎర్రటి రాశిలోంచి దాన్ని చూసి ఏరాలి. చూపు మందగిస్తే ఏరుడు మందగిస్తుంది, ఏరిన దాన్నిబట్టే కూలి. ఇంతకంటె తగిన చోటు లేదనుకుని మా తీగ జోళ్ళు తీసుకెళ్ళాము. పెట్టుకున్న మొదటి గంట అందరూ సంతోషించారు. మధ్యాహ్నానికి సగంమంది తీసి కొంగున ముడివేసుకున్నారు. కారణం అడిగితే ఒకావిడ నవ్వి, తన రెండు చేతులూ చూపించింది. చేతులనిండా మిరప కారం. చెమటకు జోడు ముక్కుమీదినుంచి జారుతుంది, జారిన జోడును పైకి తోయాలంటే ఆ చేయి కంటి దగ్గరకు వెళ్ళాలి. “సూపు వచ్చుద్దని పెట్టుకుంటే కళ్ళు మండి సచ్చాం అన్నయ్యగారూ” అంది. కంటి వైద్యం పుస్తకంలో గానీ, ఆఫ్‌మూత్ యంత్రం వివరాలలో గానీ ఈ సంగతి లేదు. చెవి వెనక తీగను ఇంకా కిందికి, బడిపిల్లల జోడులాగా చుట్టు తిప్పి చేశాక జారడం తగ్గింది. అయితే ఆ చుట్టు తలగుడ్డకు తగులుకుంటోందని ఇంకొందరు చెప్పారు. చీర కొంగుతో తుడిస్తే కొంగున ఉన్న మిరప దుమ్ము పలుచటి గీతలు గీస్తుంది. గీతలు పడకుండా పైపూత ఉన్న కటకాలు వాడితే ఖరీదు కొంచెం పెరుగుతుంది, ఆ కొంచెం పెంచక తప్పలేదు. తలగుడ్డ తగులుకోవడానికి మాత్రం ఇంకా మందు దొరకలేదు.

మంగళగిరిలో మా తప్పు వేరే రకం. నేతగాళ్ళను అక్షరాల అట్ట 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టి పరీక్షించి నంబర్లు ఇచ్చాము. అందరూ అక్షరాలు చదివారు, మేము గర్వంగా ఇంటికి వచ్చాము. తరువాతి వారం వెళ్తే ఒకాయన, “మాష్టారూ, అచ్చరాలు బాగానే కనపడుతున్నయ్యి గానీ పోగు కనపడటల్లేదండీ” అన్నాడు. నేను మగ్గం దగ్గర కూర్చుని టేపు పెట్టి కొలిచాను. కంటినుంచి నేత పడే చోటికి 60 సెంటీమీటర్లు. 40 సెంటీమీటర్ల దూరానికి కన్నూ అద్దమూ కలిసి సమకూర్చవలసిన శక్తి (ఒకటిని మీటర్లలో దూరంతో భాగిస్తే వచ్చేది) 2.5 డయాప్టర్లు, 60 సెంటీమీటర్లకు 1.67 మాత్రమే. అంటే మేము ముప్పాతిక డయాప్టరుకు పైగా ఎక్కువ ఇచ్చాము. చదవడానికి పనికివచ్చే అద్దం నేయడానికి అడ్డమయింది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన సూత్రాన్నే మగ్గం దగ్గర మరచిపోయాను. ఇప్పుడు మా వాళ్ళు అక్షరాల అట్ట తీసుకెళ్ళరు. ఒక టేపు, తెల్ల పోగు మీద తెల్ల పోగు అతికించిన ఒక అట్ట తీసుకెళ్తారు. అచ్చు అతికే పనికి, అంటే పాత పడుగుకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటిగా కలిపే పనికి, కన్ను ఇంకా దగ్గరకు రావాలి. ఆ పని చేసేవాళ్ళకు వేరే నంబరు.

ఇదంతా చేస్తే నిజంగా రాబడి పెరుగుతుందా అని మీలో అర్థశాస్త్రం వాళ్ళు అడగవచ్చు. అస్సాం తేయాకు తోటల్లో నలభై ఏళ్ళు దాటిన 751 మంది కూలీల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. చిట్టీలు తీసినట్లు యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి దగ్గరి అద్దాలు వెంటనే, రెండో వర్గానికి పరిశోధన ముగిశాక ఇచ్చారు. రోజుకు కోసిన ఆకు బరువు మొదటి వర్గంలో 39 శాతం పెరిగితే, రెండో వర్గంలో పెరిగింది 18 శాతం. తేడా 21 శాతానికి పైగా. బంగ్లాదేశ్‌లో 824 మంది మీద ఇదే పద్ధతిలో చేసి 2024లో ప్రకటించిన పరిశోధనలో, అద్దాలు అందినవాళ్ళ మధ్యస్థ నెలసరి ఆదాయం 35 డాలర్ల నుంచి 47 డాలర్లకు చేరింది. ఆకు కోసే కూలికి చదువుతో పని లేదు. మా కళాశాల పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు, అయితే అది ఆయన రిటైరయిన చాలా ఏళ్ళకు వచ్చింది.

ఊరికే ఇచ్చినా తీసుకోనివాళ్ళ సంగతి కూడా చెప్పాలి. చైనాలోని గాన్సు ప్రాంతంలో బడిపిల్లలకు ఉచితంగా అద్దాలు ఇస్తామంటే దాదాపు మూడో వంతు కుటుంబాలు వద్దన్నాయి. మనకు ఇది వింత కాదు. పెళ్ళికావలసిన పిల్ల కళ్ళజోడు పెట్టుకుంటే సంబంధాలు తగ్గుతాయన్న తల్లులు మన వీధుల్లో లేరా? ‘సోడాబుడ్డి’ అనే పేరు పెట్టించుకున్నవాళ్ళు ఈ సభలోనే ఉండవచ్చు, నేను ఒకణ్ణి. సోడాబుడ్డితనానికి భౌతికశాస్త్రంలో మందు ఉంది. పుటాకార కటకం అంచు మందం దాని వ్యాసార్ధపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. మైనస్ ఆరు నంబరు మామూలు ప్లాస్టిక్ అద్దం వ్యాసార్ధం 25 మిల్లీమీటర్లయితే మధ్యభాగంకంటె అంచు 3.75 మిల్లీమీటర్లు ఎక్కువ లావు ఉంటుంది. 20 మిల్లీమీటర్లకు తగ్గిస్తే అది 2.4కు దిగుతుంది. కాంతిని ఎంతగా వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం పాలీకార్బనేటుకు 1.586, మామూలు ప్లాస్టిక్‌ది 1.5 కనుక దాన్ని వాడితే ఇంకా పలుచబడుతుంది. చిన్న గుండ్రటి ఫ్రేము అంటే పేదవాడి ఫ్రేము అని కాదు, పలుచటి అద్దమని అర్థం. ఆఫ్‌మూత్ జోడుకు రెండువైపులా రంగు పూస ఒకటి ఉంటుంది, పెట్టుకునేవాళ్ళే రంగు ఎంచుకుంటారు. మొదట్లో మేము దండగ ఖర్చని ఆ పూస మానేశాము. బడిలో ఆడపిల్లలు జోళ్ళు సంచిలోంచి తీయకపోవడం చూసి మళ్ళీ తెచ్చాము. పూసలు పెట్టె ముందు పోసి ఏరుకోమన్న రోజున కంటి పరీక్షకంటె పూసల దగ్గరే ఎక్కువసేపు పట్టింది.

ఒక హెచ్చరిక చేయకపోతే వైద్యులకు నామీద కోపం వస్తుంది, రావడం న్యాయమే. చూపు తగ్గినవాళ్ళందరికీ అద్దాలే మందు కాదు. శుక్లం కావచ్చు, నీటికాసులు (గ్లాకోమా) కావచ్చు, షుగరు వల్ల కంటి వెనక పొర దెబ్బతిని ఉండవచ్చు. నీటికాసుల రోగికి దగ్గరి అద్దం చేతిలో పెట్టి పంపితే, వాడికి మేలు చేశామనుకుంటూనే వాడి కన్ను పోగొట్టినవాళ్ళమవుతాము. దీనికి ఈ పెట్టెకంటె చవకైన సాధనం ఒకటి ఉంది. నల్ల అట్టలో సూదితో పొడిచిన ఒక రంధ్రం. దూరం కనబడని మనిషి ఆ రంధ్రంలోంచి చూసినప్పుడు అక్షరాలు తేటపడితే లోపం కాంతి కేంద్రీకరణలో ఉంది, అద్దం పనిచేస్తుంది. తేటపడకపోతే అద్దాల పెట్టె మూసేసి డాక్టరు దగ్గరకు పంపాలి. పిడికిలి బిగించి ఆ సందులోంచి దూరపు బస్సు బోర్డు చదివే ముసలివాళ్ళను మీరు చూసే ఉంటారు, వాళ్ళు చేసేదీ ఇదే పరీక్ష. అయితే రంధ్రం కూడా అన్నీ పట్టుకోదు. నడిమి చూపు బాగుండగానే పక్క చూపును తినేసే నీటికాసులు దానికి చిక్కవు. అందుకే నలభై దాటినవాళ్ళు ఒక్కసారైనా కంటి డాక్టరుకు చూపించుకోవాలని పెట్టె మూతమీద రాసి ఉంచాము. పంపడానికి ఒక చోటు ఉండడం మన అదృష్టం. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన గుల్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థకు ఈనాడు విజయవాడ పక్కన తాడిగడపలో పెద్ద ఆసుపత్రి ఉంది. దాదాపు యాభై వేల జనాభాకు ఒకటి చొప్పున ఊళ్ళలో దృష్టి కేంద్రాలు పెట్టాలన్నది వారి పద్ధతి. పరీక్ష చేసేవాణ్ణి మనిషి దగ్గరకు తీసుకెళ్ళడం కూడా ప్రయాణాన్ని తప్పించే కల్పనే, అది లోహంతో చేసినది కాదు కనుక మనం దాన్ని ఆవిష్కరణ అనము.

ప్రభుత్వాలు కూడా చేశాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకాలు మొదలయ్యాయి. తెలంగాణ శిబిరాల్లో దగ్గరి అద్దాలు అక్కడికక్కడే ఇచ్చి, చీటీ ప్రకారం చేయించవలసిన వాటిని తరువాత పంపారు. ఒకే శిబిరంలో నా ప్రశ్నకు రెండు జవాబులూ దొరికాయన్నమాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చూపు అద్దాలమీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మంచిదే. మగ్గం ఆపిన రోజుకు ఎవరూ రాయితీ ఇవ్వరు.

ఈ పెట్టెనూ పనిముట్టునూ సభ ముగిసేదాకా ఇక్కడే ఉంచుతాను, తీగ కూడా చుట్ట ఒకటి తెచ్చాను. మెకానికల్ చదివే పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి ఒక చెవి కొక్కెం వంచి చూడండి. నియమాలు మూడే. చెమట పట్టిన ముక్కుమీదినుంచి జోడు జారకూడదు, తలగుడ్డకు తగులుకోకూడదు, కారం చేయి కంటి దగ్గరకు వెళ్ళకుండా మోచేత్తోనో ముంజేత్తోనో తోసి పైకి సర్దుకునేటట్లు ఉండాలి. వంచినదాన్ని మీ పేరు రాసిన చీటీతో ఆ అట్టపెట్టెలో వేయండి. సోమవారం ఉదయం మేము మిర్చి యార్డుకు వెళ్తున్నాము, అవన్నీ తీసుకెళ్ళి ముచ్చికలు తీసే వాళ్ళకు ఇచ్చి, మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని చూస్తాము.